డీన్ గారి గదిలో సదువురాని మనిషి

మా డీన్ గారి గదిలో టాగులు మూడు రంగులవి ఉండీవి. ఎర్ర టాగు కట్టిన కాయితాలు ప్రిన్సిపాల్ గారి గదికి. పచ్చ టాగు కట్టినవి ఆ రోజే డీన్ గారు సంతకం పెట్టాల్సినవి, బల్లమీద ఎడం పక్కన పెట్టాల. తెల్ల టాగు కట్టినవి టెక్కలిలో కాలేజీ నడిపీ కమిటీ ప్రెసిడెంటు గారింటికి, బస్సెక్కి నానే అట్టుకెల్లాల. టాగే నేకుండా ఇచ్చినవి ఇనప బీరువా అడుగరలోకి. అవి మరి పైకి రావు. ఈ ఏర్పాటంతా నా కోసమే సేసినారు. ఎందుకంటే నాకు సదువు రాదు. అలగని కాలేజీలో అందరికీ తెల్సు. పదకొండేళ్లు అలగే తెల్సు.

నాకు సదువొచ్చు. అయిదు దాకా సదివినాను.

డీన్ గారు రిటైరయినప్పుడు ఆయన మీద కాలేజీవోల్లు పుస్తకమేసినారు. లెక్చరర్లు రాసినారు, పాత పిల్లలు రాసినారు. నన్నెవరూ అడగనేదు. సదువురాని మనిషిని ఏటడుగుతారు. ఆ పుస్తకం నాను మొదట్నించి సివరిదాకా సదివినాను, సాలా రోజులు పట్టింది. అందులో ఆయన సగమే ఉన్నారు. మిగతా సగం నా దగ్గరుండిపోనాది. రాయడం నాకిదే మొదలు. ఆ సగం ఇక్కడ రాత్తన్నాను.

మా ఊరు సంతబొమ్మాళి పక్క సముద్రం ఒడ్డున. మా నాన్న వేటకెల్లీవోడు. మా అమ్మ సేపల తట్ట నెత్తినెట్టుకుని ఊర్లు తిరిగీది. మా ఊరి బడి అయిదు దాకే. ఆరుకి పక్కూరెల్లాలంటే మా నాన్న వొద్దన్నాడు. బడి మేస్టారు సర్టిపికేటు రాసిచ్చి, "పోగొట్టుకోకే పిల్లా, ఎప్పుడో అక్కరకొత్తాది" అన్నారు. మా అమ్మ దాన్ని రేకుపెట్టె అడుగున పెల్లిసీర మడతలో పెట్టింది.

పెల్లయ్యాక కాశీబుగ్గ వొచ్చినాము. మా ఆయన గుజరాతు బోట్ల మీదకి పోయీవోడు, ఏడాదికి రెండు మూడు నెల్లే ఇంటికాడ. నాను జీడి పేక్టరీలో పిక్కలు కొట్టీదాన్ని. పిక్క పగిల్తే నల్లటి జీడి కారతాది. అది ఏళ్లకి అంటితే తోలు ఊడొచ్చీది. ఊడిన సోట మల్లీ కొత్త తోలు, మల్లీ ఊడ్డం. అన్నం కలిపితే మండీది. దాన్నించి బయటపడాలని ఉండీది నాకు. అంతే, ఇంకేటీ పెద్ద ఆశ కాదు.

మా కాలేజీ పలాస దాటినాక హైవే పక్కన ఉంటాది. అక్కడ గేటు కాడ వాచ్‌మేన్ మా ఊరోడే, వరసకి మావ. అతనే కబురెట్టినాడు.

"ఒలే, డీన్ గారి గదికి ఆయా కావాలంట. రేపు పొద్దున్నే రా. తల దువ్వుకుని రా, జీడి కంపుతో రాకు."

"డీనంటే ఎవరు మావా?"

"ప్రిన్సిపాలు కొత్తకోడలు. డీను అత్తగారు. కోడళ్లు మారతారు, అత్తగారు మారదు. అర్దమైందా?"

తరవాత సూసినాను, మావ సెప్పింది నిజమే. నానున్న పదకొండేళ్లలో ప్రిన్సిపాళ్లు నలుగురు మారినారు. ప్రిన్సిపాల్ బోర్డు మీద పేరు మార్చడానికి పెయింటరొచ్చినప్పుడల్లా డీన్ గారి గది ముందు నుంచే నిచ్చెన అట్టుకెల్లీవోడు. డీన్ గారి బోర్డుకి మాత్రం ఒక్కసారే రంగేసినారు, అదీ ఎండకి ఎలిసిపోయి.

ఆ రోజు నాతో ఇంకిద్దరు ఆడోల్లొచ్చినారు. ఒకామె పది పాసు, ఒకామె ఏడు. ఆల్లుండగా నాకేటి పనిత్తారు అనుకున్నాను. పది పాసామె లోనకెల్లి టీ తాగినంత సేపు కూడా ఉండనేదు, వొచ్చీసినాది. ఏడు సదివినామె కూడా అంతే. మావ గేటొగ్గీసి వొరండాలోకొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"సదువొచ్చా అని అడుగుతాడు. రాదని సెప్పు."

"వొచ్చు కదా మావా. అయిదు..."

"ఒసే, నీ అయిదు నీ కాడే దాసుకో. ఇంతకుముందున్నోడు కాయితాలు సదివి బయట సెప్పినాడని తీసీసినారు. ఈసారి సదువురానోల్లే కావాలంట. పని కావాలా, పిక్కలు కొట్టుకుంతావా?"

నాను లోనకెల్లినాను. డీన్ గారు సన్నగా పొడుగ్గా ఉన్నారు. తెల్ల సొక్కా, జేబులో రెండు పెన్నులు, కుర్చీ వీపు మీద తువ్వాలు. నన్ను సూసి, బల్లమీదున్న పేపరు నా వైపు తోసినారు.

"పైన పెద్ద అక్షరాలున్నాయి. ఏమని రాశారో చెప్పమ్మా."

పేపరు తలకిందులుగా ఉన్నాది. నా సెయ్యి దాన్ని సరిగ్గా తిప్పీడానికి దానంతటదే లెగిసింది. కొంగు పట్టుకుని ఆపుకున్నాను.

"తెల్దు సార్."

"పేపరు సరిగ్గా ఉందా? తిప్పమంటావా?"

"ఎటు తిప్పినా నాకొకటే సార్."

ఆయన నవ్వినారు. "రేపట్నించి వచ్చెయ్" అన్నారు. అలగ నాకు ఉద్యోగమొచ్చింది. ఆ ఒక్క మాటతోనే వొచ్చింది.

మర్నాడు పెద్ద గుమస్తా గారు హాజరు రిజిస్ట్రు నా ముందెట్టినారు. పెన్ను అందుకోబోయి, గుర్తొచ్చి సెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన నా బొటనేలు పట్టుకుని సిరా పెట్టెలో ముంచి కాయితం మీద నొక్కినారు. సూసి ముకం సిట్లించినారు.

"ఇదేటమ్మా, నీ ఏలికి గీతలే నేవు. మచ్చ పడింది."

"జీడి తినీసింది బాబూ."

"సర్లే. మచ్చే నీ పేరనుకుందాం."

రోజూ అదే మచ్చ. ఎవరి మచ్చయినా అలగే ఉంటాది. పదకొండేళ్లు ఆ గళ్లలో నా పేరు నాను రాయనేదు.

డీన్ గారి గురించి సెడ్డే రాత్తే అబద్దమవుతాది. ఆయనదీ మా పక్కే, ఉద్దానం తోటల్లో ఊరు. ఆల్లకి కొబ్బరి తోట, జీడి తోట ఉన్నాయి. కాలేజీ తాటాకు పాకల్లో మొదలైనప్పుడు లెక్కల మేస్టారుగా వొచ్చినారు. పాకలు పోయి బిల్డింగు లెగిసినాక డీన్ అయినారు. అప్పట్నించి దిగనేదు. పొద్దున్న మొదటి బస్సుకొచ్చి సాయంత్రం సివరి బస్సుకి ఎల్లీవోరు. మద్యాన్నం పెరుగన్నం, ఒక ఆవకాయ ముక్క. తిన్నాక డబ్బా ఆయనే కడుక్కునీవోరు, నన్ను ముట్టనిచ్చీవోరు కాదు. తుపానొచ్చి రేకులెగిరిపోయినప్పుడు పంచి ఎగ్గట్టి పిల్లలతో కలిసి బెంచీలు మోసినారు. ఏ గుంటడు ఏ ఊరోడో, ఆల్లయ్య ఏ పని సేత్తాడో ఆయనకి నోటికొచ్చు.

మా ఒడ్డు పిల్లలు సేపలు బాగా పడే రోజుల్లో కాలేజీ ఎగ్గొట్టీవోరు. లెక్చరర్లు ఆబ్సెంట్లు ఏసీవోరు. పరీక్షల ముందు హాజరు సాలక ఆ పిల్లలంతా ఈయన గుమ్మం కాడ నిలబడీవోరు.

"ఏం పడ్డాయిరా?" అని అడిగీవోరు ఒకణ్ణి.

"కవళ్లు సార్."

"కవళ్లు పడితే మీ అయ్య లాగడా? నువ్వెందుకు?"

"పెద్దవల సార్. ఇంటికో మనిషి తాడు లాగాల. మా అయ్యకి నడుం పట్టీసింది. నాను లాగకపోతే మా ఇంటికి వాటా నేదు."

"తాడు లాగే చేతులతో లెక్కలు కూడా లాగు. నువ్వు తప్పితే తంతాను నాయనా" అనీవోరు. అని హాజరు కలిపీవోరు. ఆయన కలపబట్టి పరీక్ష రాసి ఉద్యోగాలకెల్లినోల్లు మా ఒడ్డున ఉన్నారు. పుస్తకంలో ఆల్లే రాసినారు, బాగా రాసినారు. ఆ మాటలు నిజమే. నా కళ్లతో సూసినాను.

ఆయన కాలేజీలో బాగా మాటాడీవోరు, పుస్తకం సదివినట్టు. కోపమొత్తేనో బయమేత్తేనో మా బాస వొచ్చీసీది. అది నాకొక్కదానికే తెల్సు.

నాను సేరిన మూడో ఏడు ఒక పిల్ల నోటుబుక్కు కాయితం మీద ఉత్తరం రాసి డీన్ గారికిచ్చింది. ఉద్దానం పిల్ల, కొబ్బరి తోటలోల్ల పిల్ల. సన్నగా, రెండు జడలు. ఆయన దాన్ని రెండుసార్లు సదివినారు. కళ్లద్దాలు తీసి బల్లమీదెట్టినారు. కిటికీలోంచి హైవే మీద లారీలు సూసినారు కొంతసేపు. తరవాత కాయితం నాకిచ్చినారు. టాగు నేదు.

బల్లకాణ్ణించి బీరువాకి నాలుగడుగులు. ఆ నాలుగడుగులు ఎంత మెల్లగా నడవొచ్చో అంత మెల్లగా నడిసినాను. తెలుగులో రాసింది. ప్రాక్టికల్ మార్కులు కావాలంటే ఆదివారం తనింటికొచ్చి తన పెల్లానికి సాయం సెయ్యమంటన్నారని, ఫలానా లెక్చరర్ పేరు రాసింది. ఏడాదిగా అంట్లు తోముతన్నాను, బట్టలుతుకుతన్నాను, మా అమ్మకి తెలిత్తే సదువు మానిపించీసి తోటలో కాయలు ఒలిపిత్తాది, మీరే దిక్కు సార్ అని రాసింది. బీరువా కాడ నాను ఆగిపోనాను. సివరి వాక్యం అక్కడ నిలబడి సదివినాను. అప్పుడు అడుగరలో పెట్టినాను.

ఆ లెక్చరర్ కమిటీవోల్ల బందువు. అది అందరికీ తెల్సు.

ఆ పిల్ల వారం రోజులు గుమ్మం బయట తిరిగింది. ఒకరోజు నన్ను పట్టుకుంది.

"అప్పా, సార్ నా కాయితం సూసినారా?"

"నాకేటి తెల్సు పాపా. నాకు సదువు రాదు."

ఆ మాట నా నోట్లోంచే వొచ్చింది. ఆ పిల్ల నన్ను నమ్మింది. తల వొంచుకుని ఎల్లిపోనాది. రెండు నెల్లయ్యాక కాలేజీకి రావడం మానీసింది. పుస్తకంలో ఆ పిల్ల రాయనేదు.

నాకు కావాల్సింది పర్మినెంటు. రెండేళ్లు సేసినోల్లని కమిటీవోల్లు పర్మినెంటు సేసీవోరు. పర్మినెంటయితే అరవయ్యేళ్లొచ్చేదాకా ఎవరూ పొమ్మనరు. పర్మినెంటు కాకపోతే ఏ వేసవిలో అయినా వొద్దంటే ఇంటికే, జీడి పేక్టరీకే. ప్రతి వేసవిలో డీన్ గారు ఒక జాబితా రాసి ప్రెసిడెంటు గారికి పంపీవోరు, ఎవరిని సెయ్యొచ్చో, ఎవరిని సెయ్యక్కర్నేదో. అది అట్టుకెల్లీది నానే. తెల్ల టాగు. అంటించిన కవరు. అంటించింది ఇప్పడానికి నాకు దైర్యం సాలీది కాదు. నా తరవాత సేరిన తోటమాలి పర్మినెంటయినాడు. కేంటీన్లో కప్పులు కడిగీ ఆమె అయింది. నాను కానేదు.

డీన్ గారినడిగితే, "చూద్దాంలేమ్మా. నీ పని మీద నాకేం కంప్లైంటు లేదు" అనీవోరు.

ఏడో ఏడు గమ్ము అయిపోనాది. కవరంటించకుండా టాగొకటే కట్టి ఇచ్చినారు. హైవే నాలుగు లైన్లు సేత్తన్న రోజులు. బస్సు గోతుల్లో ఊగుతా, ఆగుతా ఎల్తంది. పట్టపగలు. నా పక్కన కొబ్బరి గెలలు, ఒక ముసిలామె. నాను కాయితం తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

ప్రెసిడెంటు గారికి ఇంగ్లీసు రాదు. అందుకే ఆయనకెల్లే కాయితాలు తెలుగులో ఉండీవి. నాలుగో వరసలో నా పేరున్నాది. నా పేరు అచ్చరాల్లో సూసి ఎన్నేళ్లయిందో. పక్కన, పని బాగుంది, నమ్మకస్తురాలు అని ఉన్నాది. దాని పక్కన ఒక పెద్ద మాట. నిరక్షరాస్యురాలు. కూడబలుక్కుని సదివినాను. మా ఊర్లో రాత్రి బడి పెట్టినప్పుడు గోడల మీద రాసిన మాటే ఇది, సదువురానోల్లని అలగంతారు. కింద రాసున్నాది: అయిదో తరగతి తప్పనిసరి అని కమిటీ నిబంధన కనక ఈమెను పరిగణించనక్కరలేదు.

అంటే ఆరేళ్లుగా నా ఉద్యోగం వొద్దన్న కాయితం నా సేత్తోనే మోసినాను. బస్సు టిక్కెట్టు నానే తీసుకుని, సెమటకి తడవకుండా కొంగులో సుట్టుకుని మోసినాను.

టెక్కలిలో దిగి మల్లీ టాగు కట్టినాను. ఎక్కడికని ఎల్తాను. ప్రెసిడెంటు గారి వొరండా ఎక్కి ఆయన సేతిలో పెట్టినాను. ఆయన సదివి నన్ను పైకీ కిందకీ సూసినారు.

"ఇందులో ఉన్నది నువ్వేనేటే?"

"అవును బాబూ."

"కాలేజీలో ఇన్నేళ్లున్నావు. ఒక్క సంతకం నేర్సుకోలేకపోనావా? గోడలకి కూడా సదువొచ్చీసుంటాదే ఈపాటికి!"

ఆల్లింట్లోల్లు నవ్వినారు. నాను సిరా బొటనేలు పిడికిట్లో దాసుకున్నాను.

మరసటి వారం మా ఊరెల్లినాను. రేకుపెట్టె తీయించినాను. సర్టిపికేటు పసుపు రంగైపోయి, మడతల కాడ సిరిగుంది గానీ మేస్టారి సంతకం, బడి ముద్దర బాగున్నాయి. మా అమ్మ దాన్ని సూసి, "మొదటిరోజే సెప్పకపోనావా?" అంది.

"మొదటిరోజు సెప్తే పనే ఇచ్చీవోరు కాదమ్మా."

"మరిప్పుడు సెప్పు."

అంత తేలిక కాదు. మావకి సూపించినాను. అతను గేటు కాడ బీడీ ఆర్పీసి, అటూ ఇటూ సూసినాడు.

"దాసీ, దాసీ! ఇన్నేళ్ల కాయితాలు నీ సేతుల మీద ఎల్లినాయి. పరీక్ష కాయితాలెల్లినాయి. సదువొచ్చని సెప్పిన రోజే నివ్వు దొంగవి. నీతో పాటు నాను కూడా పోతాను, రాదని సెప్పమన్నది నానే కదేటి."

ఇంకో మూడేళ్లు నాను నోరెత్తనేదు. ఆ మూడేళ్లూ జాబితా అట్టుకెల్లినాను. గమ్ము మల్లీ వొచ్చింది, కవరంటించి ఇచ్చినారు. సదవక్కర్నేదు, నాకు తెల్సు.

డీన్ గారు ఇంకో ఏడాదిలో రిటైరవుతారని తెలిసినాక బయం పట్టుకుంది. ఈయనెల్లిపోతే నన్ను ఎరిగినోల్లే ఉండరు. ఒక పొద్దున్న, సంతకాలకి పెట్టీ కాయితాల మద్యన నా సర్టిపికేటు పెట్టినాను. బెజ్జాలు పొడిసి పచ్చ టాగు కట్టినాను. ఈ రోజే సూడాల్సినవని. నోటితో సెప్పలేనిది ఆయన నేర్పిన టాగుతోనే సెప్పినాను.

ఆయన ఒక్కొక్కటీ సంతకం పెడతా వొచ్చినారు. నాను కిటికీ తుడుత్తన్నట్టు నిలబడ్డాను. నా కాయితం వొచ్చింది. పెన్ను ఆగింది. మేస్టారి సంతకం కాడికి ముకం వొంచి సూసినారు. నా పేరు సూసినారు. అప్పుడు పచ్చ టాగు ఇప్పీసి సొరుగులో ఏసినారు. తరవాతి కాయితం మీద సంతకం పెట్టినారు. అన్నీ అయినాక నా కాయితం తలెత్తకుండా నాకిచ్చినారు.

టాగు నేదు.

బల్లకాణ్ణించి నాలుగడుగులు. నా సర్టిపికేటు నానే బీరువా అడుగరలో పెట్టినాను. ఎందుకు పెట్టినావని మీరడగొచ్చు. దాన్ని కొంగులో దోపుకుని ఇంటికెల్లిపోవొచ్చు కదా. నాకు ఆ ఊహే రానేదు. టాగు నేకుండా ఇత్తే అడుగరలో పెట్టాల. అంతే తెల్సు.

ఆయన ఎల్లిపోవడానికి ముందు రోజు బీరువా కాళీ సేసినాము. ఇద్దరమే ఉన్నాము. అడుగర కాయితాలన్నీ కేంటీన్ వెనక కాల్చీమన్నారు. ఆ కట్టలోంచి నా సర్టిపికేటు ఆయనే తీసి ఇచ్చినారు.

"ఇది నీదే. తీసుకో."

"మీకు తెల్సా సార్?"

"నువ్వు చేరిన మొదటి నెల్లోనే తెలుసు. పుస్తకాల షెల్ఫు దులిపించాను, గుర్తుందా? అన్నీ దింపి మళ్లీ సర్దావు. ఒక్క పుస్తకం కూడా తలకిందులు పెట్టలేదు. చదువు రానివాళ్లు సర్దితే నాలుగైదైనా తిరగబడతాయి."

తలకిందుల పేపరు ముందు సెయ్యి ఆపుకున్నాను గానీ, పుస్తకాల కాడ ఆపుకోవాలని నాకు తట్టనేదు. తలకిందులుంటే సూడలేక సరిగ్గా పెట్టీసినాను.

"మరి సదువు రాదని ఎందుకు రాసీవోరు సార్, ఏటేటా?"

ఆయన అద్దాలు తుడుసుకున్నారు.

"పర్మినెంటయితే నిన్ను లైబ్రరీకో పరీక్షల సెక్షనుకో మార్చేవారు. నాకు నువ్వు ఈ గదిలో కావాలి. ఆ అమ్మాయి ఉత్తరం చదివావు నువ్వు. బీరువా దగ్గర ఆగి మరీ చదివావు. బయటికి ఒక్క మాట పొక్కలేదు. చదువొచ్చి కూడా నోరు మెదపని మనిషి ఎక్కడ దొరుకుతుంది చెప్పు?"

నన్ను మెచ్చుకున్నారాయన. పదకొండేళ్లలో అదొక్కటే మెప్పు. 

"ఇప్పుడైనా రాసివ్వండి సార్. సదువొచ్చని ఒక్క ముక్క. మీరు రాత్తే ప్రెసిడెంటు గారు వింటారు."

 ఆయన నోటికి మా బాస వొచ్చీసింది.

"రేపు నాకు సన్మానమున్నాదే తల్లీ. ఇన్నేళ్లు అబద్దం రాసినానని ఇప్పుడేటి రాత్తాను?"

కట్టంతా కేంటీన్ వెనక్కి మోసినాను. మంటెట్టినాను. ఆ పిల్ల ఉత్తరం పైకొచ్చింది. రెండు జడల పిల్ల. మద్యన పెన్ను గట్టిగా నొక్కి రాసిన కాడ కాయితం కన్నం పడుంది. అది దాసుకుని మర్నాడు సన్మానంలో అందరి ముందూ సదవొచ్చు. నాకు సదవడమొచ్చు. సేతిలో పట్టుకుని నిలబడ్డాను. వేడి ముకానికి కొడతంది. అప్పుడు మంటలో ఏసీసినాను. ఆయన మీద కోపంతోనూ కాదు, దయతోనూ కాదు. ఆయన కాల్చమన్నారు, కాల్చినాను. ఆయన గురించి నాకెంత సేదుందో, ఈ ఒక్కదానికి నా మీద నాకు అంతకంటే ఎక్కువున్నాది.

సన్మానానికి పూలదండలు, సాలువాలు పళ్లెంలో పెట్టుకుని స్టేజీ మీద నిలబడింది నానే. అందరూ ఆయన మీద మాటాడినారు. ఆయన నా గురించి కూడా మైకులో సెప్పినారు. "మా ఆయా. అక్షరం ముక్క రాదు. కానీ ఒక్క కాగితం తప్పిపోలేదు" అన్నారు. పిల్లలంతా సప్పట్లు కొట్టినారు.

కొత్త డీన్ గారు కుర్రాయన. బల్లమీదకి కంప్యూటరొచ్చింది. టాగులు పోనాయి. "చదువు రానివాళ్లతో నాకు పనవదు" అని నన్ను హాస్టల్ బాత్రూములకి ఏసినారు. నాను సర్టిపికేటు అట్టుకుని పెద్ద గుమస్తా గారి కాడికెల్లినాను. ఆయన దాన్ని ఎలుగులో పెట్టి సూసినారు. నాను పొడిసిన రెండు బెజ్జాల్లోంచి ఎలుగొత్తంది.

"అయితే డీన్ గారు పదకొండేళ్లు రాసింది తప్పా? ఈ బెజ్జాల కాయితం కరెక్టా? ఎక్కడ కొన్నావమ్మా దీన్ని?"

మర్నాడు పొద్దున్న రిజిస్ట్రు తీసినారు. సిరా పెట్టె నా ముందుకి తోసినారు. నాను సిరా పెట్టె పక్కకి జరిపి, ఆయన జేబులోంచి పెన్ను అడిగి తీసుకున్నాను. గళ్లో నా పేరు రాసినాను. మొత్తం, ఇంటిపేరుతో. అచ్చరాలు గడి దాటిపోయి పక్కోడి గళ్లోకి ఎల్లిపోనాయి. అయినా ఒక్క తప్పు పోనేదు.

పెద్ద గుమస్తా గారు సూసినారు. వెనక పేజీలు తిప్పి మచ్చలు సూసినారు. మల్లీ నా పేరు సూసినారు.

"ఇది నీ సంతకమని నాకెలగ తెల్సు? వెనకున్న వాటితో కలవనేదు."

పెన్ను నా సేతిలోంచి తీసుకుని నా పేరు మీద ఒక గీత కొట్టినారు. పక్కన ఆబ్సెంట్ అని రాసినారు. నాను ఆయన ముందే నిలబడున్నాను.

ఆ రోజు బాత్రూములన్నీ కడిగినాను. మర్నాడు బొటనేలు ముంచి మచ్చ పెట్టినాను, దాన్ని ఒప్పుకున్నారు. వేసవి రాగానే వొద్దన్నారు. ఇప్పుడు మల్లీ జీడిపిక్కలే.

ఆ రిజిస్ట్రు ఇంకా అక్కడే ఏ బీరువాలోనో ఉంటాది. అందులో ఆ గడి సూత్తే గీత కింద నా పేరు బాగానే కనిపిత్తాది. సదువొచ్చినోల్లెవరైనా సదవొచ్చు.